నెత్తి మీద నీళ్ళు పోసుకోని నెల

మా అత్తగారింట్లో నడిమి గది లైటు స్విచ్ లోపల లేదు, బయట ఉంది. ముందు గది వైపు, గుమ్మం పక్కన గోడకు. ఇల్లు కట్టిన మేస్త్రీ ఏ ధ్యాసలో ఉండి అక్కడ పెట్టాడో తెలియదు కానీ, పెళ్ళయిన తర్వాత నా బతుకు చాలావరకు ఆ స్విచ్ చుట్టూనే తిరిగింది.

ఇల్లు కేసముద్రంలో, మార్కెట్ యార్డు వెనక సందులో ఉంటుంది. ముందు గది, నడిమి గది, వంటిల్లు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. మాకిచ్చింది నడిమి గది. దానికి కిటికీ లేదు. పట్టపగలు కూడా ట్యూబ్‌లైటు వేస్తే తప్ప మంచం ఎక్కడుందో కనపడదు. వంటింట్లోకి ఎవరు పోవాలన్నా మా మంచం పక్క నుంచే పోవాలి కాబట్టి, పొద్దున వేసిన లైటు మళ్ళీ పడుకునేటప్పుడే ఆర్పేవాళ్ళం. మామూలు మనుషులకు ఇదొక ఇబ్బందే కాదు. నాకు మైగ్రేన్ ఉంది. తలనొప్పి లేచిన రోజు ఆ వెలుతురు కుడికంట్లో నుంచి దబ్బనంలా లోపలికి దిగేది.

"అత్తమ్మా, జర లైటు బంద్ చేస్తరా?" అని మంచం మీద నుంచి అడిగేదాన్ని.

"లైటు బంద్ జేస్తె నేనెట్ల నడవాలె బిడ్డా? గిన్నెలు కాళ్ళకు తాకి పడ్తె నన్నెవలు లేపాలె?" అనేది. కోపం ఉండేది కాదు ఆ మాటలో, ఉన్న మాటే చెబుతున్నట్టు అనేది. నేను చున్నీ నాలుగు మడతలు పెట్టి కళ్ళకు కట్టుకునేదాన్ని. చున్నీలో నుంచి కూడా వెలుతురు వస్తుందని అప్పుడే తెలిసింది నాకు.

నాకు జబ్బులు రెండు. ఒకటి నెత్తిలో, ఒకటి పొత్తికడుపులో. రెండింటికీ మంచి దోస్తీ. నెలసరి దగ్గర పడగానే ముందు ఆవలింతలు మొదలవుతాయి, ఒకదాని మీద ఒకటి. తర్వాత చదువుతున్న మాటలో మధ్య అక్షరం మాయమవుతుంది. పలక అని ఉంటే ప, క మాత్రమే కనపడతాయి, నడుమ ఏదో తళతళ. అప్పుడు కుడి కణత అందుకుంటుంది. వాంతులు. అది దిగకముందే పొత్తికడుపు మొదలు. నడుము, తొడలు గుంజుతాయి, దొడ్డికి కూర్చుంటే ప్రాణం పోయినంత పనవుతుంది. ఈ సంగతి నోటితో చెప్పడానికి ఒకప్పుడు సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు రాస్తున్నాను కూడా. సిగ్గుపడి దాచుకున్నన్నాళ్ళు నాకు ఒరిగిందేమీ లేదు.

మాది నర్మెట్ట దగ్గర ఊరు. బడికి పోయే రోజుల నుంచే ఈ గోల ఉంది. అమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది, నాయిన తువ్వాల తీసి తలకాయ చుట్టూ బిగించి కట్టేది. "ఆడివిల్లకు గా మాత్రం నొయ్యదా, గింత నకరాలేంది" అని వాడకట్టు వాళ్ళు అంటే, వాళ్ళను ఏమీ అనలేక ఆ కోపం నా మీద తీసేది. డిగ్రీ చదివేటప్పుడు జనగామలో ఒక డాక్టరుకు చూపించారు. ఆయన నా వైపు చూడకుండా నాయినతో "పెండ్లి జెయ్యిండ్రి, అదే పోతది" అన్నాడు. పెళ్ళయింది. పోలేదు. తర్వాత చూసినావిడ "ఒక్క కాన్పు అయితే పోతుంది" అన్నది. జనగామ నుంచి కేసముద్రం దాకా రైల్లో కూర్చున్నప్పుడు అనుకునేదాన్ని, నా నొప్పికి మందు ఎప్పుడూ వచ్చే స్టేషన్లోనే ఉంటుందని. నేను అక్కడ దిగేసరికి అది ఇంకో స్టేషన్‌కు పోయి కూర్చుంటుంది.

కేసముద్రంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. బోర్డు మీద నేను రాసిన అంకె నాకే కనపడక పిల్లల ముందు తడుముకున్న రోజుల తర్వాత, బడివాళ్ళే నన్ను రావద్దన్నారు. మర్యాదగానే అన్నారు. "ఆరోగ్యం చూసుకోండి మేడం" అన్న ఆ మాటకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అత్తమ్మ గురించి చెప్పాలి. మామ చాలా ఏళ్ళ కిందే పోయాడు. ఆమె మార్కెట్ యార్డులో మిర్చి కుప్పల దగ్గర తెల్లబారిన తాలుకాయలు ఏరే కూలికి పోయి కొడుకును చదివించింది. చిన్న వయసులోనే ఆమెకు గర్భసంచి తీసేశారు. "నొస్తుందని పోయిన, తీసి పారేసిన్రు. ఇగ నొప్పి లేదు, ఏం లేదు" అని చెప్పేది, పన్ను పీకించుకున్నట్టు. నొప్పి అంటే ఆమెకు తెలియక కాదు. నొప్పితో కూడా కూలికి పోవచ్చని తెలుసు ఆమెకు. అది నాకు తెలియదని ఆమె అభిప్రాయం.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నెలసరి వస్తే వంటింట్లో అడుగు పెట్టకూడదు, పచ్చడి జాడీ ముట్టకూడదు. నాలుగో రోజు తెల్లవారకముందే నెత్తి మీద నీళ్ళు పోసుకుని, తడి జుట్టుతో లోపలికి రావాలి. ఆ చన్నీళ్ళకు, ఆ తడి జుట్టుకు అప్పుడే దిగిన తలనొప్పి మళ్ళీ లేచేది. అత్తమ్మ నన్ను ఎన్నడూ నోరు తెరిచి అడగలేదు. అడగాల్సిన పని లేదు. దండెం మీద నా తల తుడుచుకున్న తువ్వాల కనపడితే చాలు, ఈ నెల కూడా కడుపు నిలవలేదని ఆమెకు అర్థమయ్యేది. ఆ రోజు కూర వడ్డించేటప్పుడు గిన్నె కొంచెం చప్పుడు చేసేది, అంతే.

నా భర్త భూపాలపల్లిలో బొగ్గు బావి దగ్గర కాంట్రాక్టు కింద ఎలక్ట్రీషియన్. అక్కడే నలుగురితో కలిసి గదిలో ఉంటాడు, సెలవు దొరికినప్పుడు వస్తాడు. మంచివాడు. మంచితనం తప్ప ఇంకేమీ చేతకాని మంచివాడు. "భూపాలపల్లిల వేరే గది జూస్త, పెద్ద కిటికీ ఉన్నది" అని ఫోన్లో ఎన్నిసార్లు అన్నాడో. కిటికీకి మందం పరదా కుట్టించుకుని, నా చేతికి అందేటట్టు స్విచ్ పెట్టించుకుని పడుకున్నట్టు నేను చాలాసార్లు ఊహించుకున్నాను. నా కలలు అంత చిన్నవి.

ఒకసారి నొప్పికి నేను వంటింటి గుమ్మంలో పడిపోతే అతనే వచ్చి మహబూబాబాద్ తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ స్కానింగ్ చూసి, నేను చెప్పినదంతా మధ్యలో ఆపకుండా విన్నది. నా జన్మలో అంతవరకు అట్లా విన్న మనిషి లేదు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర నీకు బయట కూడా పెరుగుతోంది, నెల నెలా అది కూడా రక్తం కారుస్తుంది, పోవడానికి దారి లేక లోపలే గడ్డ కడుతుంది, అని కాగితం మీద గీసి చూపించింది. ఎండోమెట్రియోసిస్ అన్నది. నా నొప్పికి ఒక పేరుందని తెలిసి నేను అక్కడే ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. రోజూ వేసుకోమని ఒక గోలీ రాసింది. "దీంతో నెలసరి ఆగిపోతుంది, భయపడొద్దు. మనకు కావాల్సింది అదే. పిల్లల సంగతి తర్వాత చూద్దాం, ముందు నువ్వు లేచి తిరగాలి" అన్నది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా భర్త చిన్నగా, "అమ్మకు నెల ఆగుతదని చెప్పకు. పరేషానైతది. తలకాయ నొప్పి గోలీలని చెప్దాం" అన్నాడు. సరే అన్నాను. నాకు అప్పుడు ఏ పేరుతో మింగినా ఒకటే.

మొదట్లో మరకలు మరకలుగా కనపడింది, తర్వాత ఆగిపోయింది. దాంతోపాటు పొత్తికడుపులో నొప్పి కూడా. నేను నమ్మలేదు. పొద్దున లేచి మంచం మీదనే కాసేపు కదలకుండా కూర్చుని చూసుకునేదాన్ని, ఎక్కడన్నా దాక్కుందేమోనని. లేదు. వంగి ముగ్గు వేశాను. బిందె ఎత్తాను. తలనొప్పి పూర్తిగా పోలేదు కానీ, దానికి తోడు లేకుండా పోయింది. ఒంటరిదైతే భరించవచ్చు.

మిర్చి సీజను వచ్చింది. యార్డుకు వచ్చే లారీలు, ట్రాక్టర్లు మా సందు మొదలు దాకా ఆగి హారన్లు కొట్టేవి. గాలిలో ఘాటు. అట్లాంటి ఒక మధ్యాహ్నం నాకు తలనొప్పి లేచింది. వంటింట్లో అన్నం వార్చుతుంటే గంజి వాసనకు కడుపులో తిప్పి, పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. తల ఎత్తేసరికి అత్తమ్మ నన్నే చూస్తోంది. చూసి, దండెం వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, వెనక్కి లెక్క పెట్టుకుంటున్నట్టు.

"నెత్తి మీద పోసుకొని ఎన్ని దినాలాయె బిడ్డా?" అన్నది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆమె నా చేయి పట్టుకుని నడిమి గదిలోకి తీసుకుపోయి, మంచం మీద పడుకోబెట్టి, నా కాళ్ళ మీద దుప్పటి కప్పింది. తర్వాత గుమ్మం దగ్గరికి పోయి స్విచ్ నొక్కింది. గది చీకటైంది. నేను అడగలేదు. ఆమెకై ఆమె నొక్కింది. ఆ చీకట్లో, గోడను తడుముకుంటూ, ఒక్కొక్క అడుగు వేసుకుంటూ వంటింట్లోకి పోయింది. గిన్నెలు ఆమె కాళ్ళకు తాకలేదు.

అత్తమ్మ మజ్జిగ తెచ్చేసరికి నేను లేచి కూర్చున్నాను. "అది కాదత్తమ్మా. ఇది తలకాయ నొప్పే. నెల తప్పలే, గోలీలతోని ఆగింది" అన్నాను. నా భర్తకు ఇచ్చిన మాట సంగతి ఆ క్షణం నాకు గుర్తు కూడా రాలేదు.

ఆమె నవ్వింది. నా నోటి మీద వేలు పెట్టింది. "మంచిగన్నవ్. గట్లనే అనాలె. మూడో నెల దాకా ఎవలడిగినా కాదనే చెప్పాలె. మీ అమ్మ మంచిగనే నేర్పింది" అన్నది.

నిజమే, అక్కడ పద్ధతి అదే. మూడో నెల నిండేదాకా ఒప్పుకోకూడదు, దిష్టి తగులుతుంది. కాదు అన్న కోడలు తెలివైన కోడలు. నేను ఎంత గట్టిగా కాదంటే అంత ఔనని ఆమెకు నమ్మకం కుదిరింది. గోలీల పొట్లం తీసి చూపించాను. "తలకాయ నొప్పి గోలీలు గదా, కడుపులున్నప్పుడు వేస్కోవద్దు" అని నా చేతిలో నుంచి తీసి అలమారలో పెట్టింది. ఆమె పనికి పోయాక తీసి వేసుకున్నాను.

ఆ రోజులు నాకు మర్చిపోదామన్నా మర్చిపోవడం రాదు. ఎందుకంటే నా పెళ్ళయిన తర్వాత నేను సుఖంగా పడుకున్న రోజులు అవే. అదే తలనొప్పి, అవే వాంతులు. నిన్నటిదాకా నకరాలు అనిపించుకున్నవి తెల్లారేసరికి శుభం అయిపోయాయి. యార్డు నుంచి రాగానే అత్తమ్మ పెరట్లోనే చీర మార్చుకునేది, మిర్చి ఘాటు నాకు తగలకూడదని. పక్కింటి టీవీ సౌండు తగ్గించమని గోడ మీద నుంచి కేక వేసింది. ఏం తినబుద్ధి అవుతుందని అడిగి, చింతచిగురు ఎక్కడ నుంచో పట్టుకొచ్చింది. ఒక సాయంత్రం చీకట్లో మంచం పక్కన కింద కూర్చుని నా పాదాలు ఒత్తుతూ, "నేను నీ మొగన్ని మోసినప్పుడు గూడ తాలు ఏరిన. కండ్లు మండేటియి. వాంతి జేస్కొని మళ్ళ గూసునేదాన్ని. నాకెవ్వలు లైటు బంద్ జెయ్యలే బిడ్డా" అన్నది. ఆ చీకట్లో ఆమె ముఖం కనపడలేదు. నాకు ఆమెను గట్టిగా పట్టుకోవాలనిపించింది. అంత ప్రేమ ఆమె దగ్గర ఉందని, అది నాకు రాదని ఒకేసారి తెలిసింది.

అమ్మకు ఫోన్ పోయింది. అమ్మ నర్మెట్ట నుంచి బస్సు, జనగామ నుంచి రైలు ఎక్కి, సర్వపిండి డబ్బా పట్టుకుని వచ్చింది. ఇద్దరమే ఉన్నప్పుడు నిజం చెప్పాను. "నేను చెప్తె ఎవలు నమ్ముతలేరమ్మా. నువ్వన్న చెప్పు" అన్నాను. అమ్మ నా జుట్టు సవరించి, "గిట్లనన్న నాలుగొద్దులు పండుకో బిడ్డా" అన్నది. చిన్నప్పుడు నా తలకు తువ్వాల బిగించిన చేతులే అవి. నాకు అమ్మ మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు, అమ్మను తప్పు పట్టలేకపోయాను కూడా.

భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. అతనికి గోలీ సంగతి తెలుసు. డాక్టరమ్మ చెప్పినప్పుడు నా పక్కనే కూర్చున్నాడు. అయినా, "అమ్మ జెప్పింది నిజమేనా?" అని అడిగాడు.

"గోలీ వేస్కుంటున్న గదా. నీకు ఎరుకే గదా" అన్నాను.

"ఎరుకే. అయినా గూడ... ఒక్కోసారి అయితదేమో అని" అన్నాడు. వెనక ఎవరో నవ్వుతున్న చప్పుడు వినిపించింది. గదిలో వాళ్ళకు అప్పుడే స్వీట్లు పంచాడట.

అత్తమ్మ మూడో నెలకు ఆగలేకపోయింది. మహబూబాబాద్ దవాఖానకు నన్ను తనే తీసుకుపోయింది, ట్రంకు పెట్టెలో ఉన్న మంచి చీర కట్టుకుని. అదే డాక్టరమ్మ. పరీక్ష చేసి, అత్తమ్మ ముఖం చూసి ఆమెకు విషయం అర్థమైనట్టుంది. చాలా నెమ్మదిగా చెప్పింది. కడుపు రాలేదమ్మా, మందు వల్ల నెల ఆగింది, మీ కోడలికి ఈ మందు అవసరం, అని. నేను చెప్పిన మాటలే. నేను చెబితే తెలివి, డాక్టరు చెబితే నిజం. అత్తమ్మ ఒకే ఒక ప్రశ్న అడిగింది. "ఈ గోలీ ఏస్కున్నన్ని దినాలు కడుపు నిలుస్తదా?" నిలవదు అన్నది డాక్టరమ్మ.

రైల్లో అత్తమ్మ మంచి చీర కొంగు ఒళ్ళో మడిచి పెట్టుకుంది. కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. కేసముద్రంలో దిగాక నా చేతి సంచి తనే పట్టుకుని, "నిన్ను అనేదేం లేదు బిడ్డా. ఆ గోలీ మాత్రం బంద్ పెట్టు. నెల రాకుంట కడుపెట్ల నిలుస్తది?" అన్నది. ఆమె లెక్క తప్పు కాదు.

ఆదివారం నా భర్త వచ్చాడు. నా వైపు నిలబడతాడని అనుకున్నాను. "కొన్ని నెలలు బంద్ జేసి చూద్దాం. మళ్ళ మొదలువెట్టొచ్చు గదా" అన్నాడు. ఆ నొప్పి మళ్ళీ వస్తుంది, నాకు భయంగా ఉంది, అన్నాను. "నాకు మాత్రం బాధ లేదా" అన్నాడు. కిటికీ ఉన్న గది సంగతి అడిగాను. "పిల్లలైనంక జూద్దాం" అన్నాడు. అది కూడా వచ్చే స్టేషన్‌కు పోయింది. నేను ఇంకా కొట్లాడాల్సింది అని చదివేవాళ్ళకు అనిపిస్తుంది. రోజూ ఒంటితో కొట్లాడే మనిషికి ఇంట్లో వాళ్ళతో కొట్లాడే బలం ఎక్కడిది? గోలీలు ఆపేశాను.

నెలసరి తిరిగి వచ్చింది, పోయినన్నాళ్ళకు కలిపి వసూలు చేసుకుంటున్నట్టు వచ్చింది. నాలుగో రోజు తెల్లవారుజామున పెరట్లో నెత్తి మీద నీళ్ళు పోసుకుని, తువ్వాల దండెం మీద ఆరేశాను. అత్తమ్మ దాన్ని చూసి ఊపిరి పీల్చుకుంది. "నెల మంచిగ వస్తుంది, ఇగ ఒళ్ళు దారికొచ్చింది" అని పక్కింటామెతో అంటుంటే వంటింట్లోకి వినిపించింది. నేను బాగుపడ్డానని ఆ ఇంట్లో అందరి నమ్మకం. నేను పొయ్యి గట్టు పట్టుకుని నిలబడి ఉన్నాను, నిటారుగా నిలబడలేక.

తర్వాత నెలలు అట్లాగే గడిచాయి. బతకడం మీద ఇష్టం పోవడం అంటే చావాలనిపించడం కాదు. రేపు లేవాలి అన్న ఆలోచనకే అలసిపోవడం. నాకు అది ఇంకా పోలేదు. దీన్ని రాస్తున్నప్పుడు కూడా ఉంది.

మొన్న మధ్యాహ్నం మళ్ళీ తలనొప్పి లేచింది. యార్డు దగ్గర లారీల హారన్లు. వాంతి చేసుకుని వచ్చి మంచం మీద పడ్డాను, చున్నీ కళ్ళకు కట్టుకుని. అత్తమ్మ వచ్చిన చప్పుడైంది. గుమ్మం దగ్గర ఆగింది. చున్నీ కింది నుంచి చూస్తే ఆమె చేయి స్విచ్ మీద ఉంది. వేలు దాని మీద ఆనించి, నా వైపు చూస్తోంది. ఆ ముఖంలో మళ్ళీ ఆ ఆశ.

"నెత్తి మీద పోసుకున్నవా బిడ్డా?" అన్నది.

"పోసుకున్న" అన్నాను.

ఆమె స్విచ్ మీద నుంచి చేయి తీసేసి, నా మంచం పక్క నుంచి వంటింట్లోకి నడిచిపోయింది. లైటు వెలుగుతూనే ఉంది.